మొద్దుబారిన పాదం, మొద్దుబారిన హృదయం

 

మా మస్జిద్‌లో మొదటి సఫ్‌లో కుడివైపు చివర నిలబడే ఒక పెద్దాయన ఉన్నారు. అజాన్ వినిపించక ముందే వుజూఖానా దగ్గర కనిపించే మనిషి. పదిహేనేళ్ళుగా ఆయనకు షుగర్ వ్యాధి ఉంది. ఒక జుమా నాడు నమాజ్ ముగిసిన తర్వాత వెనక సఫ్‌లో కూర్చున్న మనవడు “దాదా, మీ కాలికి రక్తం!” అంటూ కంగారుగా లేచాడు. చాప మీద ఎర్రటి మరక. పెద్దాయన కాలు తిప్పి చూసుకున్నారు. బొటనవేలి కింద, అరికాలిలో గాయం. దాని అంచులు అప్పటికే నల్లబడి ఉన్నాయి. చెప్పులు తెచ్చి చూస్తే ఒకదాని అడుగు నుంచి చిన్న మేకు పైకి పొడుచుకొచ్చి ఉంది. అది ఎన్ని రోజుల నుంచి గుచ్చుకుంటోందో ఆయనకే తెలియదు. “నొప్పేమీ లేదే!” అన్నారు ఆశ్చర్యంగా. ఆసుపత్రిలో డాక్టరును భయపెట్టింది ఆ మాటే. చివరకు బొటనవేలు తీసివేయవలసి వచ్చింది.

పరామర్శకు వెళ్ళినప్పుడు ఆయన కట్టు కట్టిన కాలివైపు చూస్తూ, “రోజుకు ఐదు పూటలా కడిగాను బేటా! ఒక్క పూటయినా చూడలేదు” అన్నారు.

ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు. అందుకే ఈ నెల మన శరీరంలోని నరాల గురించి ముచ్చటించుకుందాం. అల్లాహ్ వాటిని ఎంత పొందికగా అమర్చాడో చూద్దాం. అవి మొద్దుబారితే శరీరానికి ఏమవుతుందో, అలాంటి మొద్దుబారినతనమే హృదయానికి వస్తే ఏమవుతుందో ఆలోచిద్దాం.

మనలోనే ఉన్న సూచనలు

దివ్య ఖుర్ఆన్‌లోని అజ్ జారియాత్ సూరా 20, 21 ఆయతులు మన చూపును ముందు భూమి వైపు, ఆ వెంటనే మన వైపే తిప్పుతాయి. దృఢంగా విశ్వసించేవారికి భూమిలో ఉన్నట్లే స్వయంగా వారిలోనూ సూచనలు ఉన్నాయని, అవి కనబడటం లేదా అని అడుగుతాయి. ఖుర్ఆన్ వైద్యశాస్త్ర పుస్తకం కాదు, అది మార్గదర్శక గ్రంథం. వైద్య వివరాలు వైద్యుల దగ్గరే నేర్చుకోవాలి. కానీ ఆ వివరాలు తెలిసిన తర్వాత వాటిని దాటుకుని ఊరకే వెళ్ళిపోవద్దని ఖుర్ఆన్ మనల్ని ఆపుతుంది.

ఇక తల నుంచి మొదలుపెడదాం. పెద్దవారిలో మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీరం మొత్తం బరువులో ఇది రెండు శాతం మాత్రమే. కానీ విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు ఐదో వంతు మెదడుకే పోతుంది. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని శాస్త్రజ్ఞులు 2009లో అంచనా వేశారు. వాటిలో అయిదింట నాలుగు వంతులు తల వెనుక భాగంలో ఉండే చిన్న మెదడులోనే ఉన్నాయి. మనం తూలిపోకుండా నిలబడటం, అడుగులో అడుగు కుదరటం, చేయి గురి తప్పకుండా అన్నం ముద్దను నోటికి చేర్చటం, వీటన్నిటికీ చిన్న మెదడు కావాలి.

మెదడు నుంచి వెన్నుపాము కిందికి దిగుతుంది. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం మన చిటికెన వేలంత. ఇంత సున్నితమైన దానిని అల్లాహ్ బయట వదలలేదు. వెన్నుపూసల మధ్య ఎముకల గొట్టంలో భద్రపరిచాడు. మెదడు, వెన్నుపాము కలిసి కేంద్రీయ నాడీ వ్యవస్థ. ఒక విధంగా ఇది రాజధాని.

ఈ రాజధాని నుంచి ఒళ్ళంతా దారులు వెళ్తాయి. మెదడు నుంచి నేరుగా బయలుదేరే నరాలు 12 జతలు. చూపు, వినికిడి, వాసన, రుచి, ముఖంలోని కదలికలు వీటి పని. వెన్నుపాము నుంచి బయలుదేరేవి 31 జతలు. మెడ దగ్గర 8, ఛాతీ దగ్గర 12, నడుము దగ్గర 5, దాని కింద త్రికం దగ్గర 5, చివర ఒకటి. కుడికి ఒకటి, ఎడమకు ఒకటి, వెన్నుపూసల సందుల్లోంచి వరుస తప్పకుండా బయటికి వస్తాయి. వీటిలో కొన్ని కలిసి పెనవేసుకుని, మళ్ళీ విడిపోయి, పెద్ద నరాలుగా మారతాయి. నడుము కింది నుంచి తొడ వెనుకగా దిగే తుంటి నరం శరీరంలో అన్నింటికన్నా పెద్దది. అది పాడైతే ఎంత బాధో నడుము నొప్పి కాలిలోకి పాకినవారికి తెలుసు. మెదడు, వెన్నుపాముల నుంచి వెళ్ళే ఈ దారులన్నిటినీ కలిపి పరిధీయ నాడీ వ్యవస్థ అంటారు.

వైద్యుల చేతికి ఈ జ్ఞానం ఒక్క రోజులో రాలేదు. గ్రీకు వైద్యుడు గాలెన్ గ్రంథాలను 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ ఆధ్వర్యంలో అరబీలోకి తెచ్చారు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’లో నరాల అమరికకు ప్రత్యేకంగా అధ్యాయాలు కేటాయించారు. మెదడు నుంచి వచ్చే నరాలను ఆయన ఏడు జతలుగా లెక్కించారు. వాటిని 12 జతలుగా విడదీసి చూపింది 18వ శతాబ్దంలో. మనిషి జ్ఞానం ఇలా పూట పూటకూ సరిదిద్దుకుంటూ సాగుతుంది. శరీరంలోని అమరిక మాత్రం మొదటి నుంచీ అదే.

వచ్చే కబురు, వెళ్ళే ఆజ్ఞ

నరాల్లో రెండు రకాల దారులు ఉన్నాయి. చర్మం, కన్ను, చెవి, కండరం వంటి వాటి నుంచి కబురును మెదడుకు చేర్చేవి జ్ఞాన నాడులు. మెదడు ఆజ్ఞను కండరాలకు చేర్చేవి చాలక నాడులు. పెద్ద నరాల్లో చాలావరకు ఈ రెండు రకాల తీగలూ పక్కపక్కనే ఉంటాయి. అయినా పైకి పోయే కబురు, కిందికి వచ్చే ఆజ్ఞ ఒకదానితో ఒకటి కలిసిపోవు.

కరెంటు తీగపై ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే చాలా నాడీ తంతువులపై మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. దాని వల్ల కబురు వేగంగా పోతుంది. అత్యంత వేగవంతమైన తంతువుల్లో ఆ వేగం సెకనుకు 120 మీటర్ల దాకా ఉంటుంది. నొప్పిని మోసే సన్నని తంతువుల్లో కొన్నిటికి ఈ తొడుగు లేదు. వాటి వేగం సెకనుకు సుమారు ఒక మీటరే. చీకట్లో కాలివేలు మంచం కోడుకు తగిలినప్పుడు గమనించండి. తగిలిందని ముందు తెలుస్తుంది. ‘అయ్యో’ అనుకునే లోపు అసలు నొప్పి వెనకాలే వస్తుంది. ఒకే దెబ్బకు రెండు కబుర్లు, రెండు దారుల్లో వచ్చాయన్నమాట.

మరో ఏర్పాటు చూడండి. వంటింట్లో మన తల్లులు, చెల్లెళ్ళు పొరపాటున కాలుతున్న పెనాన్ని తాకుతారు. ‘కాలుతోంది, చేయి తీయాలి’ అని మెదడు ఆలోచించి నిర్ణయించే దాకా ఆగితే చర్మం మిగలదు. అందుకే ఆ కబురు వెన్నుపాము చేరగానే అక్కడి నుంచే ఆజ్ఞ వెలువడుతుంది. చేయి వెనక్కి వచ్చేస్తుంది. నొప్పి మెదడుకు తెలిసేది ఆ తర్వాతే. దీన్ని పాఠ్యపుస్తకాల్లో ప్రతీకార చర్య అంటారు. మనకు తెలియకముందే మన రక్షణ జరిగిపోయింది! అలా రక్షించినందుకు మనం ఎన్నిసార్లు అల్‌హందులిల్లాహ్ అన్నాం?

అడగకుండానే జరిగే సేవ

చేయి ఎత్తడం, అడుగు వేయడం మన ఇష్టం మీద ఆధారపడినవి. కానీ మన ఇష్టానికి వదలకుండా అల్లాహ్ తన కారుణ్యంతో వేరే ఏర్పాటు చేసిన పనులు చాలా ఉన్నాయి. గుండె వేగం, రక్తపోటు, చెమట, కంటిపాప పెద్దది చిన్నది కావడం, తిన్న అన్నం అరగడం, ఇవన్నీ స్వయంచోదిత నాడీ వ్యవస్థ చూసుకుంటుంది. ఇందులో ఒక వర్గం నరాలు ఆపద వచ్చినప్పుడు శరీరాన్ని సిద్ధం చేస్తాయి. గుండె వేగం పెంచుతాయి, రక్తాన్ని కండరాలకు పంపుతాయి. రెండో వర్గం ఆపద తీరాక శరీరాన్ని శాంతపరుస్తుంది, జీర్ణక్రియను ముందుకు నడిపిస్తుంది. గుండెకు తనదైన లయ ఉంది. ఆ లయకు ఎప్పుడు తొందర కావాలో, ఎప్పుడు నిదానం కావాలో చెప్పేవి ఈ నరాలు.

నమాజ్‌లోనే దీన్ని చూడవచ్చు. సజ్దా నుంచి లేచి నిలబడగానే రక్తం కాళ్ళ వైపు దిగుతుంది. ఆ క్షణంలో రక్తనాళాలు బిగిసి, గుండె కొంచెం వేగం పెంచి మెదడుకు రక్తం తగ్గకుండా కాపాడాలి. అలా జరగకపోతే కళ్ళు తిరిగి పడిపోతాం. రోజుకు ఎన్ని రకాతులు, ఎన్ని సజ్దాలు! ప్రతిసారీ ఆ నరాలు తమ పని చేశాయి కనుకే మన నమాజ్ నిలబడింది. షుగర్ చాలా కాలం అదుపులో లేనివారిలో ఈ నరాలు కూడా దెబ్బతింటాయి. లేవగానే తల తిరిగేది అందుకే కావచ్చు.

అన్ నహ్ల్ సూరా 78వ ఆయత్ మనం తల్లి గర్భం నుంచి ఏమీ తెలియని స్థితిలో వచ్చామని, వినికిడినీ చూపునూ హృదయాలనూ అల్లాహ్ ప్రసాదించింది మనం కృతజ్ఞులం కావాలనేనని గుర్తుచేస్తుంది. మనిషి శరీరంలో 360 కీళ్ళు ఉన్నాయని, వాటికి కృతజ్ఞతగా సదఖా చెల్లించాలని దైవప్రవక్త (స) బోధించారు. దైవస్మరణ, మంచిని చెప్పడం, దారిలోని రాయినో ముల్లునో తొలగించడం కూడా ఆ సదఖాలోకే వస్తాయని ఆయన వివరించారు (ముస్లిం). కీలు కదలాలంటే కండరం కావాలి, కండరం కదలాలంటే నరం కావాలి. ఇతరుల కాలికి గుచ్చుకోకుండా ముల్లు తీసేయడం మన కాలి నరాలకు చెల్లించే కృతజ్ఞత అయిందంటే, ఆ బోధన ఎంత లోతైనదో ఆలోచించండి.

నొప్పి కూడా అనుగ్రహమే

నొప్పిని మనం శిక్షగానే చూస్తాం. నొప్పి లేని బతుకు కావాలని కోరుకుంటాం. నొప్పి బొత్తిగా తెలియని మనుషులు ఉన్నారు. వారి బతుకు ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం.

ఉత్తర పాకిస్తాన్‌లో కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియని వారిని శాస్త్రజ్ఞులు పరీక్షించి, దానికి కారణమైన జన్యువును గుర్తించారు. ఆ వివరాలు 2006లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. వారికి స్పర్శ తెలుస్తుంది, వేడి చల్లదనాల తేడా తెలుస్తుంది. నొప్పి ఒక్కటే తెలియదు. ఆ పరిశోధనకు దారితీసింది ఒక బాలుడు. వీధిలో జనం ముందు చేతుల్లోకి కత్తులు గుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. జనం వింతగా చూసేవారు. పద్నాలుగేళ్ళ ప్రాయంలో ఒక ఇంటి కప్పు మీద నుంచి దూకి మరణించాడు. దూకితే ఏమవుతుందో అతడికి నేర్పవలసిన గురువు నొప్పి. ఆ గురువే అతడికి లేకుండా పోయింది. ఆ కుటుంబాల్లో నొప్పి తెలియని మిగతావారికీ పెదవులపై, నాలుకపై గాయాలున్నాయి. చిన్నతనంలో తమ నాలుకను తామే కొరుక్కున్నా వారికి తెలియలేదు.

మన ప్రాంతంలో పెద్దలు చూసిన మరో ఉదాహరణ కుష్ఠువ్యాధి. ఆ వ్యాధి వేళ్ళను తినేస్తుందని లోకం నమ్మేది. 1946 నుంచి వేలూరులో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ ఆ చేతులను, కాళ్ళను ఓపికగా పరిశీలించారు. వ్యాధి క్రిమి దెబ్బతీసేది నరాలను. నరాలు చచ్చాక కాలినా తెగినా తెలియదు. తెలియని గాయాన్ని ఎవరూ పట్టించుకోరు. అలా పట్టించుకోని గాయాలే వేళ్ళను పాడుచేస్తున్నాయని ఆయన చాటారు. నొప్పి ఒక వరమని ఆయన జీవితాంతం చెబుతూ వచ్చారు.

విశ్వాసికి ఈ మాట కొత్త కాదు. ముస్లింకు కలిగే అలసట, బాధ, దుఃఖం, చివరికి గుచ్చుకునే ముల్లుకు కూడా బదులుగా అల్లాహ్ అతడి పాపాలను తుడిచివేస్తాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). ముల్లు గుచ్చుకున్నప్పుడు నరం శరీరాన్ని హెచ్చరిస్తుంది, సహనం ఆత్మను శుభ్రం చేస్తుంది.

ఇక్కడ భయం కలిగించే మరో విషయం కూడా ఉంది. చర్మం పూర్తి లోతుకు కాలిపోతే అక్కడి నరాల కొసలు నశించి, ఆ చోట నొప్పి తెలియదని వైద్యులు చెబుతారు. అన్ నిసా సూరా 56వ ఆయత్ నరకవాసుల గురించి చెబుతూ, వారి చర్మాలు కాలిపోయినప్పుడల్లా శిక్ష రుచి చూసేందుకు కొత్త చర్మాలు ఇవ్వబడతాయని హెచ్చరిస్తుంది. అంటే అక్కడ మొద్దుబారడం అనే ఊరట కూడా లేదు. అల్లాహ్ మనందరినీ దాని నుంచి కాపాడుగాక!

వుజూ చేస్తూ పాదం చూడండి

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. మన దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ వ్యాధి ఉన్నట్లు 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. మన బంధువుల్లో ఒక్కరికైనా షుగర్ లేని ఇల్లు ఎక్కడుంది?

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ముందుగా దెబ్బతినేవి అన్నింటికన్నా పొడవైన నరాలు. వెన్నుపాము నుంచి కాలివేలి దాకా వెళ్ళే ఒక్కో తంతువు దాదాపు మీటరు పొడవు ఉంటుంది. అందుకే వ్యాధి కాలివేళ్ళ కొసల దగ్గర మొదలవుతుంది. మొదట తిమ్మిర్లు, రాత్రిపూట అరికాళ్ళ మంటలు. తర్వాత దూది మీద నడుస్తున్నట్లు అనిపించడం. ఆ తర్వాత ఏమీ అనిపించకపోవడం. ఆ దశలో చాలామంది “మంటలు తగ్గాయి, నయమైంది” అనుకుంటారు. నిజానికి అది నయం కాకపోవచ్చు, కబురు తెచ్చే నరమే పోయి ఉండవచ్చు.

సోదరులారా! ఐదు పూటలా పాదాలు కడుక్కోవాలని ఆదేశించబడిన సముదాయం మనది. కాలివేళ్ళ సందుల్లోకి నీరు పోనివ్వాలని దైవప్రవక్త (స) నేర్పారు. తొందరలో మడమలను తడపకుండా వదిలేసిన వారిని చూసి, ఆ మడమలకు నరకాగ్ని ఉందని గట్టిగా హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). వేళ్ళ సందులు, మడమలు, ఈ రెండు చోట్లనే షుగర్ రోగి గాయాలు ఎవరికీ కనబడకుండా దాగుతాయి! వుజూ ఉద్దేశం ఆరాధనకు శుద్ధి కావడమే, అందులో సందేహం లేదు. కానీ ఆ శుద్ధిని శ్రద్ధగా చేసేవాడి కన్ను సహజంగానే పాదంపై పడుతుంది. మన పెద్దాయన చెప్పింది అదే. ఆయన కడిగారు, చూడలేదు.

కనుక షుగర్ ఉన్నవారు, వారి పిల్లలు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి:

వుజూ చేసేటప్పుడు రోజులో ఒక్కసారైనా మంచి వెలుతురులో అరికాలు, మడమ, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేనివారు అద్దం పెట్టుకుని చూడవచ్చు. లేదా కొడుకునో కోడలినో చూడమనండి, అందులో సిగ్గేమీ లేదు.

కడిగిన తర్వాత వేళ్ళ మధ్య తడి లేకుండా మెత్తని గుడ్డతో తుడవండి. తడి నిలిస్తే ఒరుస్తుంది, పుండు పడుతుంది.

చలికాలం ఫజ్ర్‌కు వేడినీళ్ళు వాడేటప్పుడు కాలుతో వేడి చూడవద్దు. మోచేతితో చూడండి, లేదా ఇంట్లో ఇంకొకరిని చూడమనండి.

చెప్పులు తొడుక్కునే ముందు లోపల చేయి పెట్టి తడమండి. బయటే కాదు, ఇంట్లోనూ వట్టి కాళ్ళతో తిరగవద్దు. హజ్, ఉమ్రాలకు వెళ్ళేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడి ఎండకు కాగిన నేలపై చెప్పుల్లేకుండా నడిచి, తెలియకుండానే పాదాలు కాల్చుకున్న షుగర్ రోగుల ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఏడాదికి ఒక్కసారైనా డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నని నైలాన్ దారాన్ని అరికాలికి ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు. నిమిషాల్లో అయిపోయే పరీక్ష. గాయం కనబడితే, నొప్పి లేకపోయినా ఆ రోజే వైద్యుడిని కలవండి. కట్టు ఉన్న చోట, నీరు హాని చేసే చోట వుజూ ఎలా చేయాలన్నదానికి షరీఅత్‌లో సౌలభ్యాలున్నాయి, ఆలిములను అడగండి. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వదులుకుని కాలు పోగొట్టుకోవడం భక్తి కాదు.

మితిమీరి ఆరాధనలు చేస్తున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు దైవప్రవక్త (స) శరీరానికి కూడా మనపై హక్కు ఉందని తెలియజేశారు (బుఖారీ). పాదం మన సొత్తు కాదు, అది మనకు అప్పగించబడిన అమానతు.

హృదయం మొద్దుబారితే?

గాలెన్ చెప్పిన ఒక సంఘటన ఉంది. ఒకతనికి చేతి చివరి వేళ్ళలో స్పర్శ పోయింది. వైద్యులు ఆ వేళ్ళకే మందులు రాశారు, గుణం కనబడలేదు. గాలెన్ అతడిని విచారించారు. కొంతకాలం క్రితం బండి మీద నుంచి పడ్డాడని, వీపు పైభాగాన దెబ్బ తగిలిందని తెలిసింది. ఆ వేళ్ళకు వెళ్ళే నరం మెడ కింద మొదలయ్యే చోట గాలెన్ చికిత్స చేశారు, వేళ్ళు కోలుకున్నాయి. తిమ్మిరి వేలిలో ఉంది, దెబ్బ మాత్రం పైన ఉంది.

మన జీవితాల్లోనూ ఇలాగే జరుగుతుంది. జకాత్ ఇవ్వడానికి చేయి రాదు, బంధువు ఇంటికి కాలు కదలదు, తప్పు చూసినా నోరు పెగలదు. మనం చేతికి, కాలికి, నోటికి సాకులు వెతుకుతాం. కానీ శరీరంలో ఒక మాంసపు ముద్ద ఉందని, అది బాగుంటే శరీరమంతా బాగుంటుందని, అది చెడితే అంతా చెడుతుందని, అదే హృదయమని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). దెబ్బ అక్కడ తగిలింది.

ఆ దెబ్బ కూడా ఒక్కసారిగా తగలదు. చేసిన పాపాలే హృదయాలకు తుప్పులా పడతాయని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా 14వ ఆయత్ తెలుపుతుంది. మొదటిసారి అబద్ధం ఆడినప్పుడు గుండె దడదడలాడింది. అది మంట. పదోసారికి కొంచెం తిమ్మిరి. నూరోసారికి ఏమీ లేదు. అప్పుడు “నా మనసు ప్రశాంతంగా ఉంది” అనుకుంటాం. అరికాళ్ళ మంటలు తగ్గాయని సంతోషించిన రోగికీ మనకూ తేడా ఏముంది?

విశ్వాసులు పరస్పర ప్రేమలో, దయలో ఒకే శరీరం లాంటివారని, ఒక అవయవం బాధపడితే మిగతా శరీరమంతా జ్వరంతో, నిద్రలేమితో దానికి తోడు నిలుస్తుందని దైవప్రవక్త (స) ఉపమానం ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). నరాలు బతికున్న శరీరంలోనే అలా జరుగుతుంది. నరాలు చచ్చిన శరీరంలో కాలు కుళ్ళుతున్నా కన్ను హాయిగా నిద్రపోతుంది.

మరి మనలో ఆ స్పర్శ ఎక్కడి నుంచి పోతోంది? పాదంలో లాగే చివరి కొసల నుంచి. కన్నబిడ్డకు జ్వరం వస్తే మనకు ఇప్పటికీ నిద్ర పట్టదు, ఆ నరం దగ్గరిది. కానీ భర్త పోయిన దూరపు చెల్లెలు ఈ రమజాన్‌లో ఎలా గడిపిందో మనకు తెలుసా? అద్దె కట్టలేక ఇల్లు మారిన పక్కింటివారు ఎక్కడికి వెళ్ళారో కనుక్కున్నామా? మన దుకాణంలో పొద్దంతా నిలబడి పనిచేసే కుర్రాడి తల్లికి మందులున్నాయా? వాళ్ళ దగ్గర నుంచి కబుర్లు బయలుదేరుతూనే ఉన్నాయి, మన దాకా చేరటం లేదు. కొసల్లో మొదలైన తిమ్మిరి అక్కడే ఆగదు. పట్టించుకోకపోతే పైకి పాకుతుంది. దూరపు చెల్లెలితో మొదలై సొంత తమ్ముడి దాకా, ఆ తర్వాత కన్నతల్లి దాకా వస్తుంది.

అల్‌హందులిల్లాహ్! ఈ జబ్బుకు ఐదు పూటల పరీక్ష మన చేతిలోనే ఉంది. వుజూలో పాదం చూసుకున్నట్లే, నమాజ్ ముగించి సలాం చెప్పాక ఒక్క నిమిషం మనసును తడిమి చూసుకుందాం. ఈ రోజు ఎవరి బాధ నాకు చేరింది? ఎవరి బాధ చేరలేదు? చేరని చోటికి మనమే వెళ్దాం. స్పర్శ లేని పాదాన్ని కంటితో చూసి కాపాడుకోవాలని వైద్యులు చెబుతారు. అలాగే మనసుకు తోచని చోట కాళ్ళతో వెళ్ళి, తలుపు తట్టి, క్షేమం అడగాలి. చచ్చిన నరం మళ్ళీ బతుకుతుందో లేదో వైద్యులు హామీ ఇవ్వలేరు. కానీ తౌబా చేసుకున్న హృదయాన్ని అల్లాహ్ తిరిగి సజీవం చేస్తాడన్న ఆశను మనం ఎన్నడూ వదులుకోకూడదు.

చివరిగా ఒక్క మాట. ఈ రోజు పాదం పంపే కబురు దారిలో తప్పిపోవచ్చు. కానీ ప్రళయదినాన నోళ్ళకు ముద్ర వేయబడుతుందని, చేతులు మాట్లాడతాయని, కాళ్ళు సాక్ష్యమిస్తాయని యాసీన్ సూరా 65వ ఆయత్ తెలియజేస్తుంది. ఆ రోజు ఏ నరమూ మొద్దుబారి ఉండదు. మన పాదాలు ఎవరి గడపకు వెళ్ళాయో, ఎవరి గడప దాటి వెళ్ళిపోయాయో, అవే చెబుతాయి.

మా పెద్దాయన ఇప్పుడు కుర్చీలో కూర్చుని నమాజ్ చేస్తున్నారు. వుజూఖానాలో ఆయన పక్కన మనవడు కూర్చుంటాడు. దాదా పాదాన్ని ఒడిలో పెట్టుకుని వేళ్ళ సందులు విడదీసి చూస్తాడు, తుడుస్తాడు. ఇన్‌షా అల్లాహ్, ఆ పాదాలు రేపు ఆ చేతుల గురించి మంచి సాక్ష్యమే చెబుతాయి.

ఓ అల్లాహ్! మా దేహాలకు ఆరోగ్యాన్ని, మా హృదయాలకు స్పర్శను ప్రసాదించు. బాధలో ఉన్నవారి బాధ మాకు తెలిసేలా చేయి, తెలిసిన తర్వాత కదిలే శక్తినివ్వు. వ్యాధిగ్రస్తులకు స్వస్థత కలిగించు. మా అవయవాలను రేపు మాకు అనుకూలంగా సాక్ష్యమిచ్చేవిగా చేయి. ఆమీన్!